బల్ల కింద హిస్సీ ఫిట్

పార్లర్లో ఒకావిడ తలకు రంగు పూస్తూ, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది బంటిగాడి తల్లి. అవతల వాడి ప్లేస్కూలు టీచరు.

"ఏం ఫిట్ అన్నారూ?"

"హిస్సీ ఫిట్టండీ. కంగారుపడకండి, జబ్బేం కాదు. కోపమొచ్చి కేకలు పెట్టడం, కాళ్ళు నేలకేసి కొట్టడం, చేతిలో ఉన్నది విసిరెయ్యడం..."

"మారాం అనండి! దానికి ఇంగ్లీషెందుకూ?"

"మారాం అనడానికి... నోరు రాలేదండీ."

"ఎంత సుకుమారమండీ మీ స్కూలు! మా ఇంట్లో వాటిని వెధవ్వేషాలంటాం. ఇప్పుడెక్కడున్నాడు?"

"బల్ల కింద దూరారు."

"దూరారా! వాడికి మర్యాదొకటా? చెవి పట్టుకుని బయటికి లాగండి."

"అమ్మో, నా వల్ల కాదండీ! మీరొకసారి వస్తే..."

"ఎలా వస్తానండీ, ఈవిడ సగం నలుపు, సగం తెలుపుతో కూర్చునుంటే? మేడం, కదలకండి, చెవికి అంటుతుంది! టీచర్, నిజం చెప్పండి, వాడి సీటు పీకేస్తారా?"

"అబ్బే, సీటు సంగతి కాదండీ..."

"ఇప్పటికే రెండు స్కూళ్ళవాళ్ళు దణ్ణం పెట్టేశారు. ఇదీ పోతే వాణ్ణెక్కడ వదలను? పని మానుకుని ఇంట్లో కూర్చోవాలి. మీ కాళ్ళు పట్టుకుంటా టీచర్!"

"అయ్యయ్యో, అంత మాటెందుకండీ!"

"అసలేమైంది?"

"కుర్చీలాట పెట్టామండీ. మొదట్లోనే అవుటు. 'పాట కావాలనే ఆపారు, తొండి తొండి' అని ఒకటే గోల. నా ఈల కిటికీలోంచి బయటికి విసిరేసి, బహుమతి డబ్బా లాక్కుని బల్ల కిందికి..."

"అచ్చం వాళ్ళ నాన్న పోలిక! మా పుట్టింటి వైపు ఎవరికీ లేదమ్మా ఈ బుద్ధి."

"మీ పుట్టింటి వైపు... సరేలెండి."

"ఏంటా నసుగుడు? తాతల రోజని మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చారు కదా, ఆయన్ని కేకెయ్యండి. హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. ఆయన ఒక్క చూపు చూస్తే మా వీధి వీధంతా గప్‌చుప్!"

"ఆయన్నేనండీ అందరం పిలుస్తున్నది! మీ బంటి పాపం ఆయన కాళ్ళు పట్టుకుని లాగుతూ, 'తాతా, ఆ డబ్బా ఇచ్చేసి బయటికి రా, నా సీటు పీకేస్తారు' అని ఏడుస్తున్నాడు!"