నూనె కంటే ముందు ఉరికిన లోడు

సభాధ్యక్షులు, మా ప్రాజెక్టు మేనేజరు వెంకటరామయ్య గారికి, ఈ కోకాపేట టవరును ముప్పై రెండు అంతస్తులు లేపినా ఇంతవరకు దాని లిఫ్టు ఎక్కే యోగం పట్టని కార్మిక సోదరీ సోదరులకు, బిర్యానీ వాసనలో నా మాటలు వినపడని వెనక వరుస మిత్రులకు, ఈనాటి సన్మానితులు, బరువులు ఎత్తి దించే మన వించి ఆపరేటరు పోచయ్య గారికి, శాలువా ఒళ్లో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చున్న ఆయన ఇల్లాలు కనకలక్ష్మి గారికి నమస్కారం.

నేను సాయిచంద్‌ను, ఇక్కడి మెకానికల్ ఇంజనీరును. జనాన్ని నవ్విస్తానని మైకు నాకిచ్చారు. నవ్వించడానికి పెద్ద విషయమే ఉంది: యాభై రెండేళ్ల మనిషికి పదవీ విరమణ! (నవ్వులు)

హైడ్రాలిక్స్ పరీక్ష రెండుసార్లు తప్పిన నాకు, ఆ పాఠం చెప్పింది పోచయ్యే. నూనె తోస్తే మోటారు తిరుగుతుంది, డ్రమ్ముకు తాడు చుట్టుకుంటుంది. ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు, విద్యంతా దించడంలో ఉంది. దించేటప్పుడు బరువే మోటారును తిప్పేస్తూ ఉరకాలని చూస్తుంది. మోటారును అంటిపెట్టుకుని ఉన్న పిడికెడంత వాల్వు, బయటికి పోయే నూనెకు అడ్డం నిలబడి, అవతల నుంచి పంపు తోసినంత మేరకే దారి ఇస్తుంది. లీవరు మధ్యకు తెస్తే వాల్వు మూసుకుంటుంది, బ్రేకు స్ప్రింగు పట్టేస్తుంది. బ్రేకును వదిలించడానికే నూనె కావాలి, పట్టడానికి అక్కర్లేదు.

"నూనె ముందల నడవాలె సారూ, లోడు దానెంక రావాలె" అనేవాడు పోచయ్య. రోజూ లోడును అడుగు ఎత్తి, అడుగు దించి చూసుకోనిదే పని మొదలుపెట్టేవాడు కాదు.

గత నెల పద్నాలుగున, పైనుంచి సెంట్రింగ్ ప్లేట్లు దించడం ఆలస్యమవుతోందని అధ్యక్షుల వారు ఫోనులో నన్ను ఆశీర్వదించారు. (నవ్వులు) పోచయ్య భోజనానికి వెళ్లిన సమయంలో లోడు త్వరగా దిగాలని నేను ఆ వాల్వు స్క్రూ తిప్పి సెట్టింగు తగ్గించాను. ఆయన తిరిగొచ్చి, అడుగు ఎత్తి, దించి, లీవరు వదిలేశాడు.

"ఇయ్యాల లోడు ముందుగాల ఉరుకుతుంది సారూ. వాల్వు ఎవలన్న ముట్టుకున్నరా?"

"ఎవరూ ముట్టుకోలేదు. బీటెక్ నువ్వు చేశావా, నేను చేశానా? దించు."

కింద ఉన్న వాళ్లందరినీ దూరంగా పంపించాకే దించాడు. ప్లేట్లు మూడు అంతస్తులు రాయిలా జారాయి. పోచయ్య లీవరు మధ్యకు లాగగా బ్రేకు పట్టింది కానీ, ఆ కుదుపుకు కట్టు తెగి ప్లేట్లు నేలకూలాయి. ఒక్క ప్రాణమూ పోలేదు.

ఎవరూ నవ్వడం లేదేం?

ఆపరేటరు నిర్లక్ష్యమని రిపోర్టు రాసింది నేనే. వాల్వు తప్పంటే తనిఖీలు, నెలరోజులు పని బంద్. మనిషి తప్పంటే, పదవీ విరమణ పేరుతో మనిషిని మార్చితే చాలు.

"సాయిచంద్ గారూ, ఇక చాలండీ. భోజనాలు చల్లారిపోతున్నాయండీ."

చల్లారనివ్వండి మేనేజరు సార్. ఆ రిపోర్టు మచ్చతో పోచయ్య ఇప్పటికి నాలుగు సైట్ల గేట్లు తిరిగాడు. లీవరు ఇవ్వం, కావాలంటే వాచ్‌మన్‌గా ఉండమన్నారట.

"ఊకో సారూ, కూసో. పిల్లగానివి, నీ నౌకరి గూడ పోతది."

"చెప్పనియ్యి!" అంటున్నారు కనకలక్ష్మి గారు. "నెల సంది మొగోడు అన్నం ముద్ద సక్కగ మింగుతలేడు. గీ శాలువా కప్పుకుంటె కడుపు నిండుతదా?"



స్క్రూ తిప్పిన చెయ్యి నాదేనని రాసి సంతకం పెట్టిన కాగితం అధ్యక్షుల ముందు పెడుతున్నాను. ఆయన దాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుంటున్నారు, చూస్తూనే ఉన్నారుగా. అది పై ఆఫీసుకు చేరుతుందన్న ఆశ నాకు లేదు. కొత్త ఆపరేటరు వచ్చేశాడు. నేను నిజం చెప్పినా పోచయ్య చేతికి ఆ లీవరు తిరిగి రాదు. ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే వచ్చేది.

ఓపికగా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. పోచయ్యా, నన్ను క్షమించమని అడగను. ఈ వీడ్కోలు నీకు రావలసింది కాదు. ఉద్యోగం వదిలి, దీన్ని నేను తీసుకుంటున్నాను.

సెలవు.