పొడుగు తొట్టి బండి

లోవరాజు ఉన్నాడు సూడండి, జీలుగుమెట్ట లోవరాజు, సంతకి బండి తోల్తాడు, ఆడే. ఇప్పుడంటే మాటా పలుకూ నేకుండా అలాగ తిరుగుతున్నాడు గానీ, అప్పుట్లో ఆడు నవ్వితే గెడ్డ అవతలకి ఇనిపించీదంట. ఆడి పెళ్ళాం సిలకమ్మ. సన్నంగా గాలికి ఊగిపోద్దేమో అన్నట్టుండీది, నోరు మాత్రం, అమ్మో, ఊరందరి తరపునా అదొక్కర్తే మాటాడీది. దాని తల్లి పండమ్మ, మొగుడు పోయిన మనిసి, ఒక్కర్తే కూతురు, ఆళ్ళింటి ఎనకాలే ఉండీది. జీలుగుమెట్ట ఎరగనోళ్ళుంటే సెప్తాను ఇనండి. తారు రోడ్డు కాడ దిగితే ముందల ఎర్రమెట్ట, దాన్ని ఎక్కి దిగితే ఊటగెడ్డ, అదే మా వాగు, గెడ్డ దాటితే ఊరు. మద్దిన ఉన్నది మట్టి దారి. ఊరోళ్ళే గునపాలట్టుకుని తవ్వుకున్నారు దాన్ని. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. ఎర్రమట్టి తడిసిందంటే మరి సెప్పక్కర్నేదు, సబ్బు మీద నడిసినట్టే. ఆ దారమ్మటే ఆడోళ్ళు అనాస గంపలు నెత్తిన పెట్టుకుని సంతకి దిగీవోరు. మెడలు ఇరిగిపోయీవి. ఒసే, నవ్వుతావేటే రాజులమ్మా, నీ మెడ మొయ్యనేదు గనక నవ్వుతున్నావు.

లోవరాజు అప్పుటికి కింద ఊళ్ళో ఒక సావుకారి బండికి డ్రైవరు. పగలంతా పరాయోళ్ళ బరువులే మోస్తన్నాను, మన ఊరి బరువెవుడు మోస్తాడే అని పెళ్ళాంతో అనీవోడంట. అయితే మనమే ఓ బండి కొందాం మావా అందంట సిలకమ్మ. అలా అనుకుని అనుకుని, ఎడ్లమ్మీసి, జీడితోట కౌలుకిచ్చీసి, మిగతాది బేంకోణ్ణి అడిగి, ఎలాగో ఒకలాగ కూడేసినారనుకో. ఆ లెక్కలు మనకెందుకులే. ఓ నాడు పొద్దున్నే ఇద్దరూ మంచి బట్టలు కట్టుకుని పట్నం దిగినారు, బండి ఎంచుకోడానికి.

ఆడ ఏటయిందంటే, బండ్లమ్మే కుర్రోడు మంచోడేనంట, కొండోళ్ళని తేలిగ్గా సూడనేదంట. దారెలాగుంటాది, ఏటి మోస్తారు, అన్నీ అడిగి రెండు బండ్ల కాడికి తీసుకెళ్ళినాడు. ఒకటి ఎత్తుగా ఉంది, కిందన గాలి ఆడతాది, పెద్ద రాయి మీదెక్కినా పొట్ట తగల్దు. నాలుగు చక్రాలూ లాగుతాయి దానికి. కానీ ముందల మనుసులు కూకునే గది రెండు వరసలు, అందుకని ఎనక తొట్టి పొట్టిది. రెండోది పొడుగు తొట్టి, బాగా పొడుగు, ఓ గది పట్టీసినట్టుంది. అది నేలకి కాస్త దగ్గరగా ఉంది, ఎనక చక్రాలే లాగుతాయి. కుర్రోడు అన్నాడంట, అయ్యా, కొండ దారికైతే ఇదండీ, బరువు పనికైతే అదండీ, రెండూ ఒక్కదాంట్లో కావాలంటే మీరు పెట్టిన డబ్బులకి రాదండీ అని. ఉన్న మాట సెప్పినాడు.

లోవరాజు మనసు ఎత్తు బండి మీద పడిపోయింది. కొత్త చొక్కా అనీ సూడకుండా నేల మీద ఎల్లకిలా పడుకుని కిందకి దూరిపోయి ముందు ఇరుసు తట్టి సూసినాడంట. ఓ సారి తోలి సూస్తానన్నాడు. కుర్రోడు ఊరి బయట ఓ క్వారీ కాడకి తీసికెళ్ళినాడు. ఆడ రాళ్ళ గుట్ట మీదకి చిన్న గేరేసి ఎక్కించినాడు మనోడు. బండి నాలుగు కాళ్ళతోటీ పాకినట్టు పాకిపోయిందంట, మేకపోతులాగ. సిలకమ్మ కళ్ళు మూసీసుకుని ఓలమ్మోలమ్మో అని ఆడి సెయ్యి గిల్లీసింది. ఆడు పకపకా నవ్వినాడు. ఇదేనే సిలకా, ఎర్రమెట్ట దీనికి లెక్కేటే, వానొచ్చినా వరదొచ్చినా దీనికి అడ్డమేటే అన్నాడు.

సిలకమ్మేమో బండి దిగింది. తిన్నగా రెండో బండి కాడకొచ్చి, జోళ్ళు కింద ఇడిచీసి, ఆ పొడుగు తొట్టిలోకి ఎక్కీసిందంట. ఎక్కి ఓ మూల కూకుంది. మళ్ళీ లేచి ఇంకో మూల కూకుంది. కుర్రోడు ఏటో అనుకుని సూస్తన్నాడు. ఇదిగో మావా, ఇక్కడ దాలమ్మ, పక్కన దాని గంప. ఇక్కడ బోడెమ్మ, దానికి మోకాళ్ళ నొప్పులు, కాళ్ళు సాపుకోవాల. ఇక్కడ గౌరమ్మ పిల్లతోటి. ఈ అంచుకి మా యమ్మ, అది పొగాకు నవిలి ఉమ్ముతాది, మద్దిన కూకోబెడితే అందరి మీదా పడతాది. అలా ఊళ్ళో ఆడోళ్ళందరినీ, గంపలతో సహా, ఆ తొట్టిలో సద్దీసిందంట. ఇంకా సోటు మిగిలింది సూడు మావా, ఆ పొట్టి దాంట్లో అయితే సగం మంది ఎక్కుతారు, సగం మంది నడుస్తారు. ఎవుల్ని నడవమంటావు నువ్వు, సెప్పు?

వానాకాలమో సిలకా, అన్నాడు. వానాకాలం నడుస్తాం, ఇన్నాళ్ళూ నడవనేదేటి, అంది. జొరమో పురుడో వస్తేనో, అన్నాడు. వస్తే డోలీ ఉంది, మోసీ మగోళ్ళున్నారు, ఏడాదికోసారి వచ్చీదాని కోసం వారం వారం మెడలిరగ్గొట్టుకుంటామేటి, అంది. ఎత్తు బండి వైపోసారి, తొట్టిలో కాళ్ళు సాపుకుని కూకున్న పెళ్ళాం వైపోసారి సూసినాడు. సరే కానీ, నీ ఇష్టం, అన్నాడు. అప్పుడు సిలకమ్మ కిందకి దిగి గొంతు తగ్గించి ఏటందో తెలుసా? ఊళ్ళో ఎవులడిగినా బండి నువ్వే ఎంచినావని సెప్తాను మావా, డ్రైవరు మొగుడుండి పెళ్ళాం ఎంచిన బండి తెచ్చినాడంటే నిన్ను ఆట పట్టించీస్తారు, అంది. సెప్పినట్టే సెప్పింది కూడాను. మా మావ ఎన్ని బండ్లు సూసినాడో, ఎంత ఆలోసించి తెచ్చినాడో అని ఊరంతా టముకేసింది.

ఆ ఏడు ఊరి సంబరం సూడాల. బండొస్తంటే పిల్లలు ఎనకాల పరుగు. సంత రోజు ఆడోళ్ళందరూ తొట్టిలో కూకుని పాటలు. అనాసలు, కొండచీపుళ్ళు, చింతపండు, పసుపు, అన్నీ దిగిపోయీవి ఒక్క సారికే. వానలు పడితే బండిని తారు రోడ్డు కాడే ఆపీసి నడిసొచ్చీవోరు. సరే, సర్దుకుపోయినారు. మరుసటేడు వానలు బాగా పట్టినాయి. ఏటయిందంటే, రోడ్డు కాడికి తీసీలోగా వానలు ముంచుకొచ్చి బండి ఊళ్ళోనే ఉండిపోయింది, మెట్ట దాటి బయటికి పోడానికి ఈల్నేదు. అప్పుడే సిలకమ్మకి జొరం తగిలింది. మన్నెం జొరం ఎవులికి తగల్దు, బిళ్ళేసుకుంది, తగ్గిపోద్దిలే మావా అంది. తగ్గినట్టే తగ్గి ఓ రేయి మళ్ళీ కాసింది. తెల్లారి లోవరాజు గంజి తాగించబోతే, మొగుడి ముఖంలోకి సూసి, ఎవులయ్యా నువ్వు, మా మావ సంత నుంచి రానేదా, అని అడిగిందంట. ఆడి సేతిలో గంజి గిన్నె అలాగే ఉండిపోయింది.

డోలీ కడదాం అన్నారు కొందరు. గెడ్డలో నీరు తగ్గింది, బండైతే దబ్బున పోద్ది అన్నారు కొందరు. డోలీ అంటే పూట పడతాది, బండెక్కితే గంటలో ఆసుపత్రి. ఆడు బండే తీసినాడు. ముందల పండమ్మ, ఒళ్ళో కూతురు తల. గెడ్డ దాటించీసినాడు, దాటించీసి ఎర్రమెట్టకి పట్టించినాడు. సగం ఎక్కేతలికి ఎనక చక్రాలు అక్కడికక్కడే తిరగడం మొదలెట్టినాయి. ఖాళీ బండి కదా, ఎనక బరువు నేదు, పట్టు దొరకదు దానికి. కొమ్మలు కొట్టి చక్రాల కింద ఏసినారు. గోనెలేసినారు. బరువుంటే పట్టుద్దేమోనని ఎనకాల నడిసొచ్చిన ఆడోళ్ళందరూ తొట్టిలోకి ఎక్కీసినారు. దాలమ్మా, బోడెమ్మా, గౌరమ్మా, అందరూ. ఏడుస్తూ కూకున్నారు, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని. బండి ఇంత దూరం ఎక్కిందంట. ఎక్కి, పక్కకి జారి, ఎనక్కి కొట్టుకొచ్చి గట్టుకి ఆనుకుండిపోయింది. ఎవులికీ దెబ్బ తగల్నేదు గానీ ఇక అది కదల్నేదు. లోవరాజు దిగి చక్రం కింద మట్టిని గోళ్ళతో తవ్వుతున్నాడంట. మగోళ్ళు ఆణ్ణి పక్కకి లాగీసి, కర్రకి దుప్పటి కట్టి, సిలకమ్మని ఎత్తుకున్నారు. మెట్ట ఎక్కినారు, దిగినారు. తారు రోడ్డు కనబడతంది. డోలీ పక్కన కూతురి సెయ్యట్టుకుని నడుస్తన్న పండమ్మ అలాగే నిలబడిపోయిందంట. దించీయండి బావూ, ఇక పరుగెట్టొద్దు, అంది. అంతే. అంతకన్నా సెప్పలేను నేను దాని గురించి.

పెద్ద దినం నాడు ఊరంతా ఉంది. పండమ్మ లేచి అల్లుణ్ణి పట్టుకుని తిట్టింది సూడు, అలాంటి తిట్లు నాను ఇన్నేదు. కొండ మీద కాపరం ఉన్నోడివి, కొండెక్కీ బండి తేకుండా పొడుగు తొట్టి తెచ్చినావు, అనాసకాయల కోసం నా గుంటని సంపీసినావు, నీకు బరువులు కావాల, మనిసి అక్కర్నేదు, అంది. ఊరోళ్ళందరూ తలాడించినారు. మరి, ఆడే ఎంచినాడని కదా అందరికీ తెలుసు! లోవరాజు నోరు తెరిసినాడంట ఓ సారి. తెరిసి, అత్త ముఖం సూసినాడు. ఎదర ఆడోళ్ళ వరస సూసినాడు. నాను కాదు, మీ అమ్మాయే ఎంచింది అంటే, ఎందుకెంచింది అంటారు. మీ అందరికీ సోటుండాలని ఎంచింది అని సెప్పాల. అప్పుడు ఆ సావు దాలమ్మ మెడకీ బోడెమ్మ మెడకీ సుట్టుకుంటాది, ఆళ్ళు ఏ ముఖంతో బతుకుతారు? సచ్చిపోయినదాన్ని తల్లి చేత తిట్టించాల్నా? తెరిసిన నోరు మూసీసుకున్నాడు. అవునత్తా, నాదే తప్పు, అన్నాడు. ఆ రోజు మూసిన నోరే, ఇప్పుటికీ సరిగ్గా తెరవనేదు.

తరవాత ఆ బండి మార్చీసినాడు. ఎవుడో వాడిన పాతదైనా నాలుగు చక్రాలూ లాగే బండి తెచ్చినాడు. పొట్టి తొట్టి, ఆడోళ్ళని రెండు సార్లుగా దించుతాడు. ఒంట్లో బాగోనోళ్ళుంటే ఏ ఏళకి పిలిసినా, ఏ వానలో పిలిసినా పోతాడు. ఆ ఎర్రమెట్ట మీద ఎంతమందిని దాటించినాడో. పురుడుకెళ్ళి బిడ్డతోటి తిరిగొచ్చినోళ్ళున్నారు. ఇప్పుడొచ్చింది బుద్ధి, అప్పుడే తెచ్చుంటే పెళ్ళాం దక్కును కదా, అని దాటించుకున్నోళ్ళే ఎనకాల అనీవోరు. మనుసులం, ఏటి సేస్తాం. పండమ్మ మాత్రం ఆ బండెక్కేది కాదు. ఆణ్ణి సూస్తే ముఖం తిప్పీసుకుని, నెత్తిన చీపుళ్ళ మోపుతోటి నడిసే సంతకి పోయీది.

ఇలాగుండగా ఓ సంత రోజు ఏటయిందంటే, తుంపర పడతంది. ఎర్రమెట్ట మద్దిలో పండమ్మ మోపు దించుకుని రాయి మీద కూలబడి ఉంది. లోవరాజు ఆడోళ్ళని దించీసి ఖాళీగా తిరిగొస్తన్నాడు. సూసి బండాపినాడు. దిగొచ్చి కాస్త దూరంగా గట్టు మీద కూకున్నాడు. ఇద్దరూ తడుస్తన్నారు. ముసిల్ది ఆడి వైపు సూడకుండానే అందంట, నాకు తెలుసు అల్లుడా, అని. ఏటత్తా, అన్నాడు. బండి తెచ్చిన నాడే సాయంత్రం అది నా కాడకొచ్చి సెప్పింది, నానే ఎంచినానమ్మా, నీకు అంచుకి సోటు పెట్టినాను, ఉమ్ముకోడానికి, మా మావకి తెలిస్తే సిన్నబోతాడు ఎవులికీ సెప్పకు, అంది. నాకు ముందు నుంచీ తెలుసు.

తెలిసీ నన్నెందుకు తిట్టినావత్తా, అనడిగినాడు లోవరాజు, మెల్లగా. ఎవుల్ని తిట్టను నాయనా, అంది. అదేమో పోయింది. దేవుడు కనబడడు. ఎదర నువ్వున్నావు. నాను అలా తిట్టకపోతే ఆ రోజే నా గుండె ఆగిపోయీది. కాదని ఒక్క మాటంటావేమో, అంటే నోరు మూసుకుందామని సూసినాను. నువ్వు అన్నేదు. ఎందుకన్నేదురా? ఆడు ముఖం తుడుసుకున్నాడు, వాన నీరో ఏటో. అందుకేనత్తా, నువ్వు తిట్టుకోడానికి ఎవులో ఒకళ్ళుండాలి కదా, అన్నాడు. అప్పుడా ముసిల్ది ఏడిసింది. దినం నాడు ఏడవనేదు, ఆ రోజు ఏడిసింది. ఆడూ ఏడిసినాడు. ఆ మెట్ట మీద ఇంకెవులూ నేరు, ఆళ్ళిద్దరే, పండమ్మ సెప్తేనే నాకు తెలిసింది. ఏడుపయ్యాక ఆడు మోపెత్తి తొట్టిలో పెట్టి తలుపు తీసి నిలబడ్డాడు. రా అత్తా, అన్నాడు. పండమ్మ లేచి కొంగు దులుపుకుంది. మోపు తీసుకుపో. నానెక్కను. ఎక్కితే అది గురుతొస్తాది, అంది.

ఎక్కనేదు. ఇప్పుటికీ ఎక్కదు. కావాలంటే సంత రోజు ఎర్రమెట్ట కాడ నిలబడి సూడండి. ముసిలమ్మ మోపు బండిలో, ముసిలమ్మ నేల మీద, ఆవిడ నడిసినంత మెల్లగా ఎనకాల బండి. తొట్టిలో ఆడోళ్ళు కాలుగాలిన పిల్లుల్లాగ తొందరపెడతారు, సంత అయిపోతంది పోనీ బాబూ అని. ఆడు ఇంటే కదా. నాలుగు చక్రాలూ లాగే బండి, రాళ్ళ గుట్టలెక్కే బండి, ఎవులు తోసినా ఆ ముసిల్దాన్ని దాటి ఒక్క అడుగు ముందుకు పోదు. ఏటి సెప్తాం మరి. సూసినోళ్ళు బండి పాడయిపోయిందనుకుంటారు.