కందెన రాసిన బ్రేకులు

గవర్రాజని మా పక్కూళ్ళో ఒకాయన ఉండేవాడు. యాభై ఏళ్ళొచ్చేదాకా ఎడ్లబండే తోలాడు, ఆ తరవాత పాత కారొకటి కొన్నాడంట. కారు బానే ఉంది గానీ, బ్రేకు తొక్కితే చాలు, ఊరంతా ఉలిక్కిపడేలా కీచుమనేదంట. ఆయన పెళ్ళాం మంగాయమ్మకి అదో తలవంపులు. "ఆ అరుపు మానిపించాకే నాకోసం రా" అనేసి పుట్టింటికెళ్ళి కూచుంది. ఈయనకేమో ఆవిడ లేకపోతే ముద్ద దిగదు. అదీ అసలు బాధ.

ఏమైందంటే, బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని ఎవరో అన్నారంట. ప్యాడ్లంటే, చక్రంతో పాటు తిరిగే ఇనప బిళ్ళని రెండువైపులా నొక్కిపట్టి ఆపే చెక్కలనుకోండి. మెకానిక్కెందుకు, బండిచక్రాలు ఊడదీసిన చేతులివి అని, ఇంటిముందే జాకీతో లేపి, ముందు చక్రాలు విప్పి, పాతవి పీకి కొత్తవి పెట్టాడంట. సరిగ్గానే పెట్టాడు, వంక పెట్టక్కర్లేదు. అంతటితో ఊరుకుంటే నాకీ కథెందుకు? చక్రం బిగించబోతూ ఆగాడంట. జన్మలో ఇరుసుకి కందెన పెట్టకుండా బండిచక్రం ఎక్కించిన మనిషి కాదు. కీచుమంటుందంటే కందెన లేకే కదా అని, డబ్బా తెచ్చి ఆ ప్యాడ్లకి వెన్న రాసినట్టు రాశాడంట. నవ్వకండి, మీరైనా అదే చేసుందురు. తెల్లచొక్కా వేసుకుని అత్తారింటికి బయల్దేరాడు. కాలవగట్టు మీద తిన్నటి దారి. దారిలో ఒక్కసారీ బ్రేకు తొక్కలేదంట, చప్పుడు లేకుండా ఆగడం ముందు మంగాయమ్మే చూడాలని. ఎంత ఆశో చూడండి. ఆవిడ వీధిలోనే నించునుంది. దగ్గరకొచ్చి తొక్కాడంట. కీచుమనలేదు. ఆగనూ లేదు. ఆవిడ ముందర్నించే మెత్తగా జారుకుంటూ పోతుంటే, చేతిబ్రేకు గుర్తొస్తేగా, కంగారులో చెయ్యెత్తి ఊపాడంట. వెళ్ళొస్తానన్నట్టే ఉంది మరి. కారెళ్ళి గడ్డివామిలో దూరింది.

మంగాయమ్మ పరిగెత్తుకొచ్చి తలుపు లాగి, నన్ను చూసి కూడా ఆపకుండా పోతావా, అంత కోపమొచ్చిందా నామీద అని ఒకటే ఏడుపు. "కోపం కాదే, కందెన" అన్నాడంట ఈయన, తల్లో గడ్డి దులుపుకుంటూ. సంగతి తెలిశాక ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్విందంట. అరిస్తే అరిచింది, నువ్వు నాముందు ఆగితే చాలని, అప్పుడే మూట సర్దుకుంది. సాయంత్రం మంగాయమ్మ వాళ్ళ నాన్న ఎడ్లబండికి తాడేసి కారుని లాక్కొచ్చారు. మొగుడూ పెళ్ళాం బండిలో కూచున్నారు. మావగారు మాత్రం కారులోనే కూచుంటానన్నాడంట. ఊరొచ్చేదాకా బ్రేకు మీద కాలు తియ్యలేదు. ఎడ్లు ఆగినప్పుడల్లా తనే ఆపాననుకున్నాడు పాపం. ఇప్పటికీ తనకి కారు తోలడం వచ్చంటాడు, మనకెందుకులే అని నేనూ ఊకొడతా.