కూర్మనాథం కోటు

రంగూన్, పజుండౌంగ్‌లో తెలుగు కూలీల లైను ఇళ్లు. 1927 జనవరి, ఓడ వచ్చిన రోజు పొద్దున్న. తులసమ్మ గుమ్మానికి వీపు పెట్టి చేపలు కోస్తోంది. వెనక ఎవరో దగ్గారు.

“వీరన్నా, నువ్వేనా? జెట్టీ కాడ సూసొచ్చినావా, ఓడొచ్చీసిందా? ఇంకా ఎన్ని పనులున్నాయో సూడు. ఈ సేపలు పులుసెట్టాల. గుమ్మానికి పసుపు రాయాల. మంచం నులక బిగించాల. నీళ్లు కాగబెట్టాల, సలిదేశం నుంచి మా ఇంటాయనొస్తన్నాడు కదా. నరసమ్మొదినకి ఓ గిన్నె పులుసట్టుకెళ్లాల. మొగుడు పోయిన కబురొచ్చి రెండు నెల్లయింది, పాపం తిండే మానీసింది... ఏటి, పలకవు?”

“తులసమ్మా.”

“ఓలమ్మో! కూర్మనాదమన్నా? నువ్వు సచ్చిపోనావని వొదినకి కాగితమొచ్చింది కదా!”

“సావలేదమ్మా.”

“బతికే ఉన్నావా! వొదిన సూసిందా? లేదా? పద, పద! మరి మీ బావేడి? పెట్టి మోసుకొస్తన్నాడా?”

“కూకో తల్లీ.”

“కూకోను. ఓడ జాబితాలో మీ బావ పేరుందని ఆపీసు బాబు సదివి సెప్పినాడు. ఏడి?”

“అక్కడో పెద్ద కొండమ్మా. ఇవతలొక దేశం, అవతల ఇటలీ. ఆకులు రాలే కాలం. కొండ కొండంతా పసుపూ ఎరుపూ...”

“ఆకుల సంగతి నానడిగినానా?”

“మమ్మల్ని సీమకి తీసుకెళ్లిన దొర కారులో ఆ కొండ దాటాల. డ్రైవర్ని నాను. ఆ పొద్దే నాకు జొరం, లెగలేకపోనాను. బావ వంటకొచ్చినా, కారు తోలడం నానే నేర్పినాను గదా. ‘నాను తోల్తాను, నువ్వు పడుకో’ అన్నాడు.”

“ఊఁ.”

“లైసెన్సు నాది. ఆ దేశం పొలిమేర గేటు కాడ కాగితాలు అడుగుతారు. నానే అన్నాను తల్లీ. జెట్టీలో ఒకడికి జొరమొస్తే ఇంకొకడు ఆడి నెంబరు బిళ్ల మెళ్లో ఏసుకుని పనికెళ్లడా? అలాగే నా కోటేసుకుపో, జేబులో నా కాగితాలున్నాయి అని.”

“మేస్త్రీ బిళ్ల సూస్తాడు గాని మొకం సూడడు.”

“ఆ గేటోళ్లూ అంతే.”

“ఎల్లేటప్పుడు... నవ్వినాడా?”

“నవ్వినాడు. సక్రం కింద నిమ్మకాయెట్టాలని ఊరంతా ఎతికినాడు. దొరక్క యాపిలు పండెట్టి తొక్కించినాడు. దొర కూడా నవ్వినాడు.”

“పిచ్చిమాలోకం! తరవాత?”

“గేటు దాటినారు. మలుపులో తడి ఆకుల మీద సక్రం జారి...”

“సెప్పకు.”

“దొరా పోయినాడు. నాను ఆస్పత్రిలో ఒళ్లెరక్కుండా ఉన్నాను. లేచేసరికి పాతిపెట్టీసినారు. కోటు జేబులో కాగితాల మీదున్న పేరే సమాది రాయి మీద సెక్కినారు. ఆ పేరు మీదే వొదినకి కాగితమొచ్చింది.”

“మరి జాబితాలో పేరో?”

“నా కాడ మిగిలినవి బావ కాగితాలే. ఆటి మీదే నన్ను ఓడెక్కించినారు. ఆ పేరున దిగినోడ్ని నానే తల్లీ.”

“మరి ఈ సేపలెవరికి కోసినాను?”

“తులసమ్మా. తిట్టు. ఏటైనా అను.”

“వొదిన గాజులు నానే పగలగొట్టినాను. ‘మా ఆయనొస్తాడే, వొద్దే’ అని ఏడుస్తంటే, సెయ్యట్టుకుని...”

“ఊరుకో అమ్మా.”

“ఇంద. ఇయ్యట్టుకెళ్లి వొదినకి తొడుగు.”

“నీ గాజులా! వొద్దు తల్లీ.”

“ఊరికి తెలిసేలోపు ఇయ్యి ముత్తైదువ గాజులే. తీసుకో. ఆగు... ఆ రాయి మీద నీ పేరొక్కటేనా?”

“నా పేరొక్కటే.”

“మొగుడి పేరు పెళ్లాం పలక్కూడదని పదేళ్లు నోట రానివ్వలేదు. ఇప్పుడు నాను పలక్కపోతే ఇంకెవరు పలుకుతారు? దండాసి. ఇన్నావా అన్నా? దండాసి. ఎప్పుడైనా ఎవరైనా ఆ కొండ దాటి ఆ రాయి కాడ ఆగితే, దాని మీద రాసింది సదవొద్దని సెప్పు. దండాసి అని తలుసుకోమను.”