ఎర్రలైటు దగ్గర ఆగిన మబ్బు

"చెయ్యెత్తమంటున్నానుగా, ఎత్తు! ఇంకా సందేహమెందుకు?" అంటూ కమిషనర్ బాబాయ్ చేతికర్ర బల్లకి ఆనించి టీ అందుకున్నాడు. ట్రాఫిక్ ఆఫీసులో కుర్చీలు బాగుచేసి రిటైరైన మనిషి ఆయన. కమిషనర్ అన్న పేరు మేం పెట్టిందే.

ట్రాఫిక్ జరిమానాలు పెంచమని అడగాలా వద్దా అన్నది సాయంత్రం వీధి సమావేశంలో చేతులెత్తి తేల్చాలి. ఆటో నడిపే తమ్ముడు ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు. వాళ్ళమ్మాయి బడికి ఈ టీకొట్టు ముందున్న కూడలి దాటే వెళ్ళాలి మరి.

"పెంచితే నిజంగా బళ్ళు నెమ్మదిస్తాయా బాబాయ్?"

"నెమ్మదించడమేమిట్రా! కిందటేడు మా పైఆఫీసరు కుర్చీకి మర బిగిస్తూ, 'అయ్యా, జరిమానా రెట్టింపు చేసి చూడండి' అని ఓ మాటేశాను. మర్నాడే రెట్టింపు! ఆ నెలంతా ఈ కూడలిలో బండికి బండి తగిల్తే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదింతలు చేయించాను. ఎర్రలైటు పడితే బళ్ళు సరేసరి, కుక్కలు కూడా గీత దగ్గర వరసగా కూర్చునేవి."

"కుక్కల జరిమానా ఎవరు కట్టేవారు?" అంది టీకొట్టు అక్క, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"కట్టక్కర్లేదమ్మా, వింటేనే భయం! వందింతలు చేశాక కాకులు గాల్లోనే ఆగిపోయేవి. ఓ రోజు నల్లమబ్బొకటి దూసుకొస్తూ ఎర్రలైటు చూసి ఠక్కున ఆగింది. లైటేమో పాడై పచ్చ పడదు! ఇటు వీధికి చుక్క రాల్లేదు, అటు వీధివాళ్ళు పడవలేసుకు తిరిగారు. చివరికి నేనే నిచ్చెనెక్కి, 'నువ్వెళ్ళమ్మా, నీకు మినహాయింపు' అని చెయ్యూపి పంపాను!"

అందరం నవ్వాం. తమ్ముడు మాత్రం నవ్వలేదు.

"మబ్బు సంగతి వదిలెయ్ బాబాయ్. ఆ మొదటి నెల మాట నిజమేనా?"

"అక్కనడుగు. ఆవిడ కొట్టు ఎదురుగానేగా!"

అక్క గరిటె పక్కన పెట్టింది. "జరిమానా పెంచారు, నిజమే. బళ్ళు గుద్దుకోలేదు, అదీ నిజమే. కానీ అసలు బళ్ళేవి? నీళ్ళ గొట్టాల కోసం ఆ నెలంతా కూడలి అడ్డంగా తవ్వి ఉంచారు. కాచిన టీ నేనే తాగాల్సొచ్చింది. గొయ్యి పూడ్చేసరికి జరిమానా మళ్ళీ తగ్గించేశారు."

"అయితే పెంచినా లాభం లేదంటావా అక్కా?"

"అదీ తెలీదు తమ్ముడూ. ఆ నెలని చూసి మాత్రం ఏదీ నమ్మకు."

తమ్ముడు రోడ్డుకేసి చూశాడు. "అయితే బళ్ళు తిరిగే రోడ్ల మీద పెంచినప్పుడు ఏమైందో ముందు అడుగుతాను. మా పిల్ల దాటాల్సిన రోడ్డిది. చెయ్యెత్తేది ఆ తర్వాతే."

బాబాయ్‌కి రోషమొచ్చింది. "తవ్వితే తవ్వారు! ఒక్క ప్రమాదమైనా జరిగిందా? అది చెప్పు!"

"ఒకటి జరిగింది బాబాయ్," అంది అక్క చేతికర్ర వైపు చూస్తూ. "నువ్వు నిచ్చెనెక్కావన్నది మాత్రం నిజం. ఆ గోతిలోంచి ఎక్కావు. పైన నిచ్చెన పట్టుకుంది మా ఆయనే."