నలగని దుప్పటి

ఏంటీ, పై గదిలో కొత్తగా దిగినాయన అంత శుభ్రమా? దుప్పటి మీద ఒక్క ముడత కూడా లేదా? మెచ్చుకుని మరీ వచ్చావా? ఓసి పిచ్చిపిల్లా, ఇలా కూర్చో. ఆ తాళాలగుత్తి పక్కన పెట్టు, ఊరికే ఆడించకు, నా చెవులు అసలే అంతంతమాత్రం. నువ్వు చేసే ఈ ఉద్యోగం నేను చేసిన రోజుల్లో నేనూ సరిగ్గా అలాగే మెచ్చుకున్నాను. ఎవర్నంటే, మన అటెన్షన్ అన్నయ్యని. నువ్వెక్కడ చూశావులే, నువ్వు పుట్టకముందే పోయాడు. సైన్యంలో చేసొచ్చినవాడు. యుద్ధం కూడా చూశాడుగానీ ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. తిరిగొచ్చాక తాగుడు పట్టుకుంది. ఉద్యోగం పోయింది, ఆ వెనకే ఇల్లూ పోయింది, పెళ్ళాం పుట్టింటికి పోయింది, మనిషి వచ్చి వంతెన కింద పడ్డాడు. కానీ ఎంత తాగినా కర్రలా నిలబడేవాడమ్మా! తూలాలంటే పైవాళ్ళ పర్మిషన్ కావాలన్నట్టు. అందుకే అటెన్షన్.

అతన్ని తీసుకొచ్చి గదిచ్చింది నర్సమ్మ. ఇల్లూవాకిలీ లేనివాళ్ళకి గదులిచ్చే ఈ బిల్డింగులో వైద్యం, బాగోగులు అన్నీ ఆవిడే. మనిషి పుల్లలా ఉండేది, నోరు మాత్రం నాలుగు వీధులకి వినపడేది. మేనేజరు ఒకటే గొడవ, "తాగుబోతుకి తాళం చేతికిస్తారా మేడమ్? ఇది బిల్డింగా, బారా?" అని. ఆవిడేమో, "వంతెన కింద పడుకుని మానెయ్యమంటే నువ్వు మానతావా? ముందు గది. మానడం తర్వాత మేమూ ఆయనా చూసుకుంటాం" అంది. ఆయనకీ అదే చెప్పింది. తాగినా గది నీదే, ఎవరితోనూ కలబడకు, వారం వారం డాక్టరు దగ్గర కూర్చో, అంతే అని. ఆయన సెల్యూట్ కొట్టాడు. నేను రోజూ ఊడవడానికి వెళ్తే గది అద్దంలా ఉండేది. దుప్పటి మీద రూపాయి బిళ్ళ వేస్తే ఎగురుతుందా అన్నట్టు! "అన్నయ్యా, మిగతా వాళ్ళకి మీరు క్లాసు పెట్టాలి" అనేదాన్ని. నవ్వేవాడు పాపం. ఒకసారి దుప్పట్లు ఉతకడానికి వేద్దామని తీశాను చూడూ, మిగతా గదులవి ముక్కు మూసుకుని పట్టుకోవాలి, ఈయనదేమో ఇంకా సబ్బు వాసనే వస్తోంది. నేను మొదటిరోజు వేసిన ఇస్త్రీ మడత అలాగే ఉంది. వంగి చూస్తే మంచం కింద అట్టముక్క. వంతెన దగ్గరి నుంచి తెచ్చుకున్నదే. బూట్లు కూడా విప్పకుండా దాని మీద పడుకుంటున్నాడు మహానుభావుడు! "మంచమేం పాపం చేసింది అన్నయ్యా?" అంటే, "తనిఖీకొస్తే నలిగి ఉండకూడదు కదమ్మా" అన్నాడు. ఎవరొస్తారు తనిఖీకి? ఎవరూ రారు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేవాడు, మళ్ళీ అట్టముక్కే.

తాళంతోనూ అంతే. తాగాడా, గది తుడిచి, తాళం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, మళ్ళీ వంతెన కిందికి. తుపాకి అప్పజెప్పినట్టు. నర్సమ్మ వెతుక్కుంటూ వెళ్ళేది, "తాళం ఎవరడిగారయ్యా నిన్ను?" అని తిట్టి, చేతిలో పెట్టి తీసుకొచ్చేది. ఇలా ఎన్నిసార్లో. చివరికి మేనేజరు తెగేసి చెప్పాడు, "ఈసారి తాళం ఈ టేబుల్ మీదికొస్తే గది వేరే వాళ్ళకి. బయట క్యూ ఉంది." అదీ నిజమే, కాదనలేం. సరిగ్గా ఆ వారమే మనవాడు తాగొచ్చాడు. నా టేబుల్ దగ్గర మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఈయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు, కర్రలా. జేబులోంచి తాళం తీశాడు. మేనేజరు చెయ్యి చాచాడు. తాళం అలా గాల్లోనే ఉంది. ఏమనుకున్నాడో, పిడికిలి మూసి తాళం మళ్ళీ జేబులో వేసుకున్నాడు. "తాగాను. నా గదికి వెళ్తున్నాను" అన్నాడు. నా గది అన్నాడమ్మా, నా గది! అని మెట్లెక్కాడు. మొదటిసారి తూలుతూ ఎక్కాడు, గోడ పట్టుకుని. మేనేజరు చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మర్నాడే తాగుడు మానడానికి ఆస్పత్రిలో చేర్చమని నర్సమ్మని తనే అడిగాడు. తిరిగొచ్చాక ఒళ్ళంతా వణుకు, గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చొక్కా మీదే. మళ్ళీ తాగాడా అంటే, ఒకసారి జారాడు. జారి గదికే వచ్చాడు, నర్సమ్మని పిలిచాడు. మెల్లగా సైకిళ్ళ షాపులో పనికి కుదిరాడు. ఒకరోజు పొద్దెక్కినా పనికి రాలేదని షాపాయన కబురంపితే పైకెళ్ళాను కదా, తలుపు బయట బూట్లు! వంతెన కింద బూట్లు విప్పితే పోతాయని కాళ్ళకే ఉంచుకుని బతికిన మనిషి, ఇప్పుడు బూట్లు బయట వదిలాడంటే ఇక మనిషి లేడనుకున్నాను. తలుపు బాదాను, అరిచాను. నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది, మేనేజరు రెండో తాళం పట్టుకొచ్చాడు. ఇంతలో తలుపు తెరుచుకుంది. జుట్టంతా లేచిపోయి, చెంప మీద దిండు ముడతలు అచ్చుపడి, కళ్ళు నులుముకుంటూ, "ఏంటమ్మా ఈ గోల? ఆదివారం కూడా మనిషిని పడుకోనివ్వరా?" అన్నాడు. "ఆదివారం కాదన్నయ్యా, బుధవారం!" అన్నాను. వెనక మంచం చూడాలి నువ్వు, యుద్ధం జరిగినట్టుంది. దిండు కాళ్ళవైపు, దుప్పటి సగం నేల మీద. నర్సమ్మ అక్కడే మెట్ల మీద కూలబడి పడీపడీ నవ్వింది, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే. మేనేజరేమో వంగి, ఎవరి కాలికీ తగలకుండా ఆ బూట్లు గోడవారకి జరిపి, కిందికి దిగిపోయాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళున్నాడులే. జీతంలోంచి అద్దె కట్టుకుని, ఆ మంచం మీదే నిద్రలో పోయాడు. ఉన్నన్నాళ్ళూ కొత్తవాళ్ళెవరు దిగినా ముందు తనే వెళ్ళేవాడు. నేను ఇస్త్రీ చేసి పరిచిన దుప్పటి మీద అడ్డంగా పడి, ఇటు రెండు దొర్లు, అటు రెండు దొర్లు. లేచి, "తనిఖీ అయిపోయింది తమ్ముడూ, ఇక పడుకో" అని చెప్పి వచ్చేసేవాడు. నా కష్టమంతా బూడిదపాలు! తిట్టేదాన్ననుకో.

ఇప్పుడు నా మోకాళ్ళకి ఆ మెట్లు ఎక్కే ఓపిక లేదు. నవ్వకు పిల్లా, లే. తాళాలగుత్తి ఇక్కడే ఉండనీ. వెళ్ళి ఆ కొత్తాయన మంచం మీద ఇటు రెండు, అటు రెండు... ఆఁ, చెప్పులు బయట విప్పు ముందు.