మున్నీ గెలిసిన వార్డు

ఆ కల్వర్టు గోడ మీద రాసుండేదా? సదువు సూస్తాం. ఆఁ, "సున్నపుబట్టీల వార్డు". సగం రాలిపోయినా కనపడతానే ఉండాయి అచ్చరాలు. ఇప్పుడా పేరుతో వార్డు యాడా లేదమ్మా జెనిఫరూ. ఈ వీధే ఆ వార్డుకు నడుం. ఈ పక్క మనోళ్లు, నా మాదిరి కాంపౌండర్లు, మీ అవ్వ మాదిరి ఆయాలు, ఆసుపత్రిలో పనిజేసి రిటైరైనోళ్లు. ఆ పక్క సాయిబులు, పరుపులు కుట్టేవాళ్లు, రేకు పనోళ్లు, గాజుల బండ్లోళ్లు. ఆ పక్క పిల్లోళ్లకు మన క్రిస్మస్ పాటలన్నీ వచ్చు, మన పిల్లోళ్లకు ఉర్దూ తిట్లన్నీ వచ్చు. ఇప్పుడు సూడు, మనిల్లు ఒక వార్డు, ఎదురుగా ఆ నీలం గేటు ఉండాదే, సర్దారు ఇల్లు, అది ఇంకో వార్డు. సర్దారంటే రేకు డబ్బాలు, గరాటలు చేసేవాడులే, ఆయప్ప కూడా పోయినాడు. నేను చెప్పాలనుకునేది ఆయప్ప పెండ్లాం సంగతి. మున్నీ. నువ్వు పసిబిడ్డగా వచ్చినప్పుడు నిన్ను ఎత్తుకోని పోతే సాయంత్రానికి గానీ తిరిగి ఇచ్చేది కాదు. గెవనం లేదా? యాడుంటాది, ఆయమ్మ పోయి శానా ఏండ్లాయె.

కౌన్సిలర్ కావాలని ఆశ ఉండింది సర్దారుకే. ఎవురింట్లో సావైనా, పెండ్లైనా ముందు ఈయప్ప ఉండాల్సిందే. తీరా ఎలక్షన్ వచ్చేతలికి మా వార్డు ఆడోళ్లకు రిజర్వేషన్ అయిపాయె. అంగడి మూసి పండుకున్నాడు. తర్వాత మన అరుగు మీదికి వచ్చి, "ప్రసాదన్నా, మున్నీని నిలబెడతాండా. పేరు ఆమెది, పని నాది" అన్నాడు. పోస్టర్లో ఆయప్ప మొకం ఇంత, ఆయమ్మది స్టాంపు బిళ్లంత. "నన్నెవురన్నా అడిగినారా జీ?" అనింది ఆయమ్మ వాళ్ల వాకిట్లో నుంచే. అడగలా. గెలిసింది. మీటింగుకు పోతే ఈయప్ప పక్కనే కుర్చీ ఏసుకోని కూసునేవాడు. ఆయమ్మ తల మీద ముసుగు లాక్కోని, సంతకం పెట్టమన్న కాడ పెట్టి వచ్చేసేది. అట్లుండంగా ఒకసారి సర్దారు సదుం ఊర్లో సుట్టాల పెండ్లికి పోయి, జొరమొచ్చి ఆడనే పడిపోయినాడు. ఈడ మీటింగు. మున్నీ మీ అవ్వను తోడు పిలుసుకోని ఆటోలో పోయింది. మీ అవ్వ వాకిలి కాడ నిలబడి అంతా సూసింది, నాకు చెప్పింది. అందురూ ఇంక లేస్తారనంగా మున్నీ లేసి, "మా వీధికి తాగే నీళ్ల పైపు మురుక్కాలవలో నుంచి యాల ఏసినారు?" అనిందంట. ఎవురో పెద్దాయన నవ్వి, "ఏమ్మా, మీ సారు రాలేదా ఈ పొద్దు?" అన్నాడు. "సారుకు జొరం. ఓట్లు నాకేసినారు. నాకు చెప్పండి" అనింది. ఇంక నవ్వలేదంట ఎవురూ. సర్దారు వచ్చి, ఇని, "నా పరువు తీసినావే" అని అరిసిన అరుపు ఈడిదాకా ఇనపడింది. ఆ పొద్దు అన్నం ముట్టలా ఆయప్ప. కానీ సెడ్డోడు కాదమ్మా. మెల్లింగా మారినాడు. తర్వాత తర్వాత ఆయప్పే మోపెడ్ మీద ఎక్కించుకోని పోయేది, తాను బయట నిలబడేది, వాచ్‌మెన్‌తో "లోపల గట్టిగా మాట్లాడతాండేది నా భార్యేనప్పా" అని చెప్పుకునేది.

మున్నీ వీధి దీపాలు ఏయించింది. పరుపులు కుట్టే గౌరమ్మకు ఆగిపోయిన పింఛను మళ్ల తెప్పించింది. ఏమంటివి? అవునమ్మా, గౌరమ్మోళ్లు హిందువులే, సాయిబుల మధ్యలో ఆ ఒక్క ఇల్లు వాళ్లది, వాళ్లూ పరుపులే కుట్టేది. అది ఇడిసిపెట్టు, యాడికో పోతాండా. ఆ పైపు ఉండాదే, దాని యెంట పడింది మున్నీ. ఆఖరికి శాంక్షనైంది. కొత్త పైపులు లారీలో వచ్చి అదో, ఆ మలుపు కాడ దిగినాయి. తవ్వేదొక్కటే బాకీ. అంతలోకే కౌన్సిల్ గడువు అయిపాయె. ఏండ్ల తరబడి ఎలక్షన్లే లేకపాయె. అడిగేవాళ్లు లేరు. మళ్ల వార్డులన్నీ తిరగరాస్తాండామని చెప్పినారు. రాసినారు. సరిగ్గా మన వీధి నడిమధ్యలో గీత గీసినారు. ఈ పక్క ఒక వార్డు, ఆ పక్క ఒక వార్డు, సున్నపుబట్టీల వార్డు లేదు. అభ్యంతరాలు చెప్పుకోండి అంటే పోయినాము. "జనాభా సమానంగా రావాల కదమ్మా, ఉత్త గీతేగా, మీకేం మారదు" అన్నాడు ఆ పటం పరుసుకోని కూసున్నాయన. మున్నీ ఆ పటం మీద ఏలు పెట్టి, "సార్, మా కొళాయి ఈ పక్క ఉండాది, దాని వాల్వు ఆ పక్క ఉండాది. చెడిపోతే నేను ఎవురి కాడికి పోవాల?" అనింది. రాసుకున్నాడు. రాసుకున్నాడంతే. కొన్నాళ్లకు ఆ పైపులను మళ్ల లారీకెత్తి ఇంకో తావుకు తోలుకోని పోయినారు. ఎలక్షన్ వచ్చింది. మున్నీ ఆ పక్క వార్డులో నిలబడింది, ఓడిపోయింది. ఆయమ్మ ఎవురికి చేసిందో వాళ్లలో సగం మంది ఈ పక్క ఉంటిమి కదా! మీ అవ్వ ఓటేసి వచ్చి గడప మీద కూలబడి, "ఎదురింటి మనిషికి ఓటెయ్యలేకపోతినే" అని ఏడ్సింది.

ఆ ఏడు వానలు బో కురిసినాయి. కాలవలో పైపు పగిలింది. ఈ పక్క కౌన్సిలర్ కాడికి పోతే "వాల్వు ఆ పక్కదప్పా" అనేది, ఆ పక్కాయన కాడికి పోతే "కొళాయి మీ పక్కది" అనేది. ఇండ్లల్లో కామెర్లు మొదలైనాయి. మున్నీ పెండ్లిళ్లకు బిర్యానీ వండే దేగ్సా ఒకటి తెచ్చి వాకిట్లో పొయ్యి మీద పెట్టింది. నీళ్లు కాంచి, రెండు పక్కలోళ్లకూ బిందెల్లో పోసేది. కొడుకు మోసిన్ మదనపల్లెలో కొత్తిల్లు కట్టుకోని ఉండె. కారేసుకోని వచ్చి, "అమ్మీ, నువ్విప్పుడు కౌన్సిలర్ కాదు, వచ్చెయ్" అన్నాడు. "కౌన్సిలర్ కాకపోతే దప్పి కాదా వీళ్లకు?" అనింది. పోలా. ఊరికంతా కాంచి పోసింది గానీ, అడావుడిలో తాను ఏం తాగిందో ఏమో. కండ్లు పచ్చబడినాయి. అప్పుడు మోసిన్ ఎత్తుకోని పోయినాడు మదనపల్లెకు.

నేనూ మీ అవ్వా సూడబోతిమి. మొకమంతా పసుపు పూసినట్ల ఉండాది. తెలివి వస్తాంది, పోతాంది. వచ్చినప్పుడంతా ఒకటే మాట, "పైపు ఏసినారా జీ?" సర్దారు మంచం పట్టీ పట్టుకోని, "ఏస్తాండారు. పొద్దున్నే తవ్వినారు" అన్నాడు. "రెండు పక్కలా?" "రెండు పక్కలా. మిషన్‌తో తవ్వినారు. ప్రసాదన్న గడప కాడ బండ ఒకటి అడ్డమొచ్చింది, దాన్నీ పగలగొట్టినారు. అడుగు కావాలంటే" అని నా పక్క సూసినాడు. నేను తలూపితి. "మంచి పైపేనా?" అనింది. "మంచిదే" అంటి. కండ్లు మూసుకునింది. మర్నాడు ఈడికి తెచ్చినారు. ఆయమ్మ జనాజా లేసినప్పుడు పాడె కింద భుజం పెట్టేదానికి సందు దొరకలేదు, రెండు పక్కలోళ్లూ అంతమంది. మనోళ్లు, సాయిబులు, గౌరమ్మ కొడుకులు, అందురూ.

పైపా? ఏసినారు, ఏసినారు. ఆ మరుసటి ఎండాకాలం ఆ పక్క ఏసినారు. ఈ పక్క ఇంకో ఏడాది పట్టింది. తవ్వినన్ని దినాలూ సర్దారు ఎండలో ఆ గుంత కాడే కూసునేవాడు, పనోళ్లకు టీ తెచ్చి ఇచ్చేవాడు. మన కొళాయిలో నీళ్లు వచ్చిన పొద్దు నేనొక చెంబు పట్టి ఇస్తే, తాగలా. చేతిలో పెట్టుకోని, "నేను మున్నీకి అబద్ధం చెప్పలేదు ప్రసాదన్నా. కొంచెం ముందుగా చెప్పినానంతే, కదా?" అన్నాడు. నన్నే అడగతాండాడు. నేను...

నీ బస్సు ఎన్నింటికమ్మా? పలమనేరు మీద పోయేదెక్కు. అందులో సీటు దొరుకుతాది.